గ్రంథసంగ్రాహకుడు షాంబర్గు

ఇల్లు పుస్తకములతో నింపుకొనినవారిని మనమెరుగుదుము. ఆ పుస్తకములతో ఒక జాతికి దాని చరిత్రను తిరిగి తెచ్చియిచ్చిన గుమాస్తా యొకడు కలడు. గ్రంథాలయ రజతోత్సవవేళ ఆయనను స్మరించుట సముచితము.

ఆర్తురో అల్ఫోన్సో షాంబర్గు 1874 జనవరి 24వ తేదీన, నాడు స్పెయిను పాలనలోనున్న పోర్టోరికో ద్వీపమున జన్మించెను. తల్లి సెయింట్ క్రోయ్ ద్వీపమునుండి వచ్చిన నల్లజాతి స్త్రీ, మంత్రసాని. తండ్రి జర్మను సంతతి వర్తకుడు. నల్లవారికి చరిత్రయు లేదు, మహాపురుషులును లేరని బాల్యమున ఉపాధ్యాయురా లొకతె తరగతిలో పలికెనని చెప్పుదురు. ఆయన జీవితమంతయు ఆ మాటకు సమాధానమువలెనే నడచినది.

1891లో పదునేడేండ్ల ప్రాయమున న్యూయార్కు చేరెను. క్యూబా, పోర్టోరికోల స్వాతంత్ర్యమునకై ప్రవాసులతో కలసి పనిచేసెను. 1906 మొదలు 1929 వరకు ఒక బ్యాంకులో ఉత్తరముల శాఖలో ఉద్యోగము. పగలెల్ల పరుల ఉత్తరములతో గడచెడిది. తీరిక దొరికినంతనే పాతపుస్తకముల వేట. ఆఫ్రికానుండి పసితనమున బానిసగా కొనిరాబడి, 1773లో లండనున కవితాసంపుటము వెలువరించిన ఫిలిస్ వీట్లీ, పంచాంగములు గణించిన బెంజమిన్ బానెకర్, హైతీ బానిసల తిరుగుబాటును నడపిన టూసాన్ లూవెర్చూర్ మున్నగువారికి సంబంధించిన గ్రంథములును పత్రములును ఆయన యింట చేరెను. 1911లో జాన్ ఎడ్వర్డ్ బ్రూసుతో కలసి చరిత్ర పరిశోధనకై ఒక సంఘమును స్థాపించెను. జాతి గొప్పతనమును గూర్చి ఊరక పొగడుకొనిన చాలదు, ఆధారములు చూపవలెనని 1925లో వ్రాసిన వ్యాసమున వాదించెను.

1926లో కార్నెగీ సంస్థ పదివేల డాలర్లకు ఆ సంగ్రహమును కొని న్యూయార్కు పౌరగ్రంథాలయమున కిచ్చినది. అయిదువేలకు పైబడిన గ్రంథములు, మూడువేల వ్రాతప్రతులు, రెండువేల చిత్రములు! అవి చేరినది ఏ ధనికుని భవనమునకో కాదు. నల్లవారు నివసించు హార్లెమున, 135వ వీధిలోని శాఖా గ్రంథాలయమునకు. కూలివాడును లోనికి పోయి తన పూర్వుల వ్రాతను కన్నులార చూడగల్గెను. నాకు ఆ పదివేల డాలర్లకంటె ఇదియే ఘనముగా తోచుచున్నది. షాంబర్గు మాత్రము ఊరకుండక స్పెయినుకు బోయి, వెలాస్కెజు చిత్రశాలలో బానిసగానుండి చిత్రకారుడైన హువాన్ ద పరేహా చిత్రములను వెదకెను.

1932లో తన సంగ్రహమునకు తానే అధికారి యయ్యెను. ఆయన పుస్తకములను పరిమాణమును, అట్టల రంగును బట్టి అమర్చుకొనెడివాడట! యువ గ్రంథపాలిక యొకతె వానిని డ్యూయీ దశాంశ పద్ధతిని సర్దగా కోపించి, ఆమెను అచటినుండి పంపించివేసెనందురు. 1938లో ఆయన మరణించెను. 1940లో ఆ సంగ్రహమునకు ఆయన పేరు పెట్టిరి. ఆ గ్రంథపాలిక జీన్ బ్లాక్‌వెల్ హట్సన్ 1948లో తిరిగివచ్చి, 1980 వరకు దానిని నిర్వహించెను.