విప్పి బిగించడమే చదువుగా పెరిగిన జి.డి. నాయుడు

రాజంపేట: మన పల్లెల్లో పాత మిద్దె ఇళ్ల అటక మీద వెదికితే రెండు వస్తువులు దొరుకుతాయి. ఒకటి తాతల నాటి వాల్వు రేడియో. రెండోది కువైటు వెళ్లినవారు తెచ్చిన టేప్ రికార్డర్. రెండూ మూగపోయి దుమ్ము పట్టి ఉంటాయి. పాత సామాన్ల బండి వీధిలోకి రాగానే వాటిని తూకానికి వేసేస్తున్నారు. అలా వేసే ముందు ఒక తెలుగు బిడ్డ కథ తెలుసుకోవడం మంచిది. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయన్ను జి.డి. నాయుడుగా ఎరుగును.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల క్రితం అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వారిది. బడి చదువు ఆయనకు రుచించలేదు. ప్రాథమిక తరగతుల్లోనే పలక వదిలి పొలం బాట పట్టారు.

ఒకనాడు ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిల్ మీద ఆ పల్లెకు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా పరుగెత్తే ఆ బండిని చూసిన క్షణం నుంచి కుర్రవానికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా పనికి కుదిరారు. పైసా పైసా కూడబెట్టి, 300 రూపాయలిచ్చి ఆ బండినే కొన్నారు. కొని ఊరేగలేదు. విప్పి ముక్కలు ముక్కలు చేశారు. ఏ ముక్క ఎందుకుందో అర్థమయ్యేదాకా చూసి, మళ్లీ బిగించారు. అదే ఆయన చదివిన కాలేజీ.

1920లో స్టేన్స్ దొర చేసిన సాయంతో ఒక బస్సు సంపాదించి పొళ్లాచ్చి, పళనిల మధ్య నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. బస్సు చెడితే బయటివారి కోసం ఎదురు చూడకుండా సొంత వర్క్‌షాపులో బాగు చేయించేవారు. ఆ షాపులోనే ఆయన బుర్రకు పదును పెరిగింది. బ్యాటరీతో నడిచే రేజంట్ అనే గడ్డం గీసే యంత్రం తయారు చేశారు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. ఈనాడు మన బావుల దగ్గర తిరిగే మోటార్లలో కోయంబత్తూరు సరుకు ఎంత ఉందో రైతులకు వేరే చెప్పనక్కర లేదు.

రేడియో సంగతికి వద్దాం. అప్పట్లో రేడియో విదేశాల నుంచి దిగే వస్తువు, సంపన్నుల ఇంటి అలంకారం. 1941లో నాయుడు గారు ఐదు వాల్వుల సెట్టును 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించారు. ఐదు వాల్వులంటే మాటలు కావు. మొదటిది గాలిలో వచ్చే స్టేషన్లలో మనకు కావలసినదాన్ని పట్టి అనువైన తరంగంగా మారుస్తుంది. రెండోది దాని బలం పెంచుతుంది. మూడోది అందులోంచి మాటను, పాటను విడదీస్తుంది. నాలుగోది స్పీకరును మోగిస్తుంది. ఐదోది ఇంటి కరెంటును సెట్టుకు పనికివచ్చేలా మారుస్తుంది. ఇంత పనిని బీదవాని ఇంటికి చేర్చాలన్నదే ఆయన పట్టుదల.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల రావడానికి ఆయన తోడ్పడ్డారు. బడి ముగించని మనిషి ప్రిన్సిపాలయ్యారు. ఏళ్ల తరబడి పుస్తకాలు తిప్పడం కంటే చేత్తో పని నేర్పితే సగం కాలం చాలునని వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. 1952లో 2,000 రూపాయల ధరకు ఇద్దరు కూర్చునే కారు తయారు చేస్తే దానికీ లైసెన్సు దొరకలేదు. సామాన్యునికి అందే ధరలో వస్తువు చేసి చూపడం ఆయన వంతు. దాన్ని వాడవాడకూ చేర్చడం మాత్రం ఆయన ఒక్కరి చేతిలో లేకపోయింది. 1974 జనవరి 4న, 80 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు.

ఇక మన అటక మీది పెట్టె మాటేమిటి? 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చిన నాటి నుంచి పంట కబుర్లు, పాటలు వినిపించిన పెట్టె అది. దాన్ని దించగానే ప్లగ్గు పెట్టరాదు. ఏళ్ల తరబడి పడి ఉన్న సెట్టులో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. ఎలుకలు కొరికిన వైర్లు, పాడైన కండెన్సర్లు మార్పించాలి. తర్వాత 60 వాట్ల బల్బును వరుసలో కలిపి కరెంటు ఇవ్వాలి. బల్బు బాగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపల 200 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. కనుక పని తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవాలే గాని ఒంటరిగా చేయి పెట్టరాదు. టేప్ రికార్డర్ అయితే చాలాసార్లు సాగిన రబ్బరు బెల్టు మార్చి, హెడ్డును స్పిరిట్‌తో తుడిస్తే మళ్లీ పలుకుతుంది.

తూకానికి వేస్తే ఆ పెట్టెకు వచ్చేది కొద్దిపాటి డబ్బు. పని తెలిసిన పెద్దల పక్కన ఇంట్లో పిల్లవాడిని కూర్చోబెట్టి విప్పించి, బిగించనిస్తే వచ్చేది విద్య. హోటల్లో గ్లాసులు అందించిన కుర్రవాడు ఒక పాత బండిని విప్పి ఎంతవాడయ్యాడో చూశాం కదా! మన అటక మీద ఏ పిల్లవాని చదువు దుమ్ము పట్టి ఉందో పెద్దలు ఆలోచించాలి.