ప్రజాపక్షపాతి తెన్నేటి విశ్వనాథం

చట్టసభలో ఎంతటి నాయకునికైనా ఉండేది ఒక్క ఓటే. అయితే రాజకీయ పక్షానికి చెందిన సభ్యుని ఓటు వెనుక ఆ పక్షపు సంఖ్యాబలం ఉంటుంది. స్వతంత్ర సభ్యునికి అటువంటి అండ ఉండదు. ఏ తీర్మానాన్ని బలపరచాలో, దేనిని వ్యతిరేకించాలో అతనికి చెప్పే విప్ కూడా ఉండదు. తన మనస్సాక్షికి, తనను ఎన్నుకొన్న ప్రజలకు మాత్రమే అతడు జవాబు చెప్పుకోవాలి. ఈ స్వేచ్ఛ అతనికి బలమూ కాగలదు, బలహీనతా కాగలదు. దానిని స్వప్రయోజనానికి కాక ప్రజాప్రయోజనానికి వినియోగించి, ఒక ప్రాంతపు భవిష్యత్తును మార్చిన ఉద్యమానికి సారథ్యం వహించిన నాయకుడు తెన్నేటి విశ్వనాథం.

విశ్వనాథం 1895లో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి విశాఖపట్నంలో న్యాయవాదిగా పేరు తెచ్చుకొన్నారు. చట్టాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవడం, ఎదుటివారి వాదాన్ని ఓపికగా విని తన వాదాన్ని తర్కబద్ధంగా వినిపించడం ఆ వృత్తిలో ఆయనకు అలవడిన గుణాలు. గాంధీజీ నాయకత్వంలో స్వాతంత్ర్యోద్యమం దేశమంతటా వ్యాపించినప్పుడు ఆయన అందులో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఆ రోజులలోనే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుతో ఆయనకు సాన్నిహిత్యం ఏర్పడింది. ప్రకాశం జీవించి ఉన్నంతకాలం ఆ బంధం చెక్కుచెదరలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ప్రకాశం పంతులుకు కాంగ్రెసు నాయకత్వంతో విభేదాలు పెరిగాయి. 1951లో ఆయన ఆ సంస్థను వీడినప్పుడు విశ్వనాథం కూడా ఆయన వెంట నడిచారు. అధికారంలో ఉన్న పక్షాన్ని వదలి ప్రతిపక్షంలో చేరడం నాడు లాభసాటి మార్గం కాదు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో విశ్వనాథం ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అదే సంవత్సరం డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణం చేయడంతో ప్రత్యేకాంధ్ర సమస్య పరిష్కారానికి వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి కాగా ఆయన మంత్రివర్గంలో విశ్వనాథం ఆర్థికమంత్రి అయ్యారు.

కొత్త రాష్ట్రానికి సరైన భవనాలు లేవు. కర్నూలులో అనేక కార్యాలయాలు గుడారాలలో పనిచేశాయి. ఖజానా నిండుగా లేదు. అవసరాలు మాత్రం అనంతంగా ఉన్నాయి. ఇటువంటి స్థితిలో ఆర్థికశాఖను నిర్వహించడం కత్తిమీద సామే. అయినా ఆ ప్రభుత్వ కాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో ఉన్నత న్యాయస్థానం ఏర్పడ్డాయి.

ఆ ప్రభుత్వం ఎంతోకాలం నిలువలేదు. మద్యనిషేధ విధానంపై తలెత్తిన వివాదం అవిశ్వాస తీర్మానానికి దారితీసింది. 1954 నవంబరు 6న జరిగిన ఓటింగులో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. మంత్రిగా ఉండి ఆ ఓటమిని కళ్లారా చూసిన విశ్వనాథానికి చట్టసభలో ఒక్క ఓటు విలువ ఎంతటిదో ఇంకొకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఒక్క సభ్యుడు చేయి ఎత్తడం వల్లనో, ఎత్తకపోవడం వల్లనో ప్రభుత్వాలు నిలుస్తాయి, పడిపోతాయి. కనుక ప్రతి సభ్యుడూ తన ఓటును పవిత్రమైన బాధ్యతగా భావించాలి.

1962లో విశ్వనాథం మాడుగుల నియోజకవర్గం నుండి స్వతంత్ర అభ్యర్థిగా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు దాటింది. చాలామంది ప్రజాజీవితం నుండి విశ్రాంతి కోరుకొనే ఆ వయస్సులో ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం మొదలైంది. అదే విశాఖ ఉక్కు ఉద్యమం.

స్వాతంత్ర్యానంతరం భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్‌లలో ప్రభుత్వరంగంలో ఉక్కు కర్మాగారాలు వెలిశాయి. దక్షిణ భారతంలో కూడా అటువంటి కర్మాగారం నెలకొల్పాలన్న ఆలోచన వచ్చింది. స్థల నిర్ణయం కోసం నియమించిన ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం పలుచోట్ల పరిశీలన జరిపి, 1965లో విశాఖపట్నం అనువైనదని సిఫార్సు చేసింది. విశాఖకు సహజమైన ఓడరేవు ఉంది. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని అక్కడికి చేర్చే రైలుమార్గం రూపుదిద్దుకొంటున్నది. ఇన్ని అనుకూలతలు ఉన్నా కేంద్రప్రభుత్వం నిర్ణయాన్ని వాయిదా వేస్తూ వచ్చింది. ఇతర రాష్ట్రాలు కూడా తమకే కర్మాగారం కావాలని పట్టుపట్టడంతో సమస్య జటిలమైంది.

1966 జూలై 1న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విశాఖలో ఉక్కు కర్మాగారం స్థాపించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కాంగ్రెసు వారు, కమ్యూనిస్టులు, స్వతంత్ర సభ్యులు, అందరూ ఒకే మాటపై నిలిచిన అరుదైన సందర్భమది. కాని తీర్మానం కాగితంపైనే ఉండిపోయింది. చట్టసభ మాట చెల్లనప్పుడు ప్రజలు వీధిలోకి రావడం సహజం. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం ఊరూరా మారుమ్రోగింది. అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖపట్నంలో నిరాహారదీక్ష ప్రారంభించారు. వివిధ పక్షాలను ఒకే వేదికపైకి తెచ్చి ఉద్యమాన్ని ముందుకు నడిపిన నాయకులలో విశ్వనాథం ప్రముఖులు. ఏ పక్షానికీ చెందనివాడు కావడమే ఇక్కడ ఆయనకు అక్కరకు వచ్చింది. పరస్పరం పొసగని పక్షాలు కూడా ఆయన మాటను మన్నించాయి.

1966 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరించి పదేండ్లు నిండిన రోజు. పండుగ జరుపుకోవలసిన ఆ రోజున విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. విద్యార్థులు, సామాన్యులు నేలకొరిగారు. రాష్ట్రవ్యాప్తంగా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ దారుణానికి, కేంద్రం వైఖరికి నిరసనగా 67 మంది ప్రతిపక్ష శాసనసభ్యులు తమ పదవులకు రాజీనామా చేశారు. పదవి కోసం మాట మార్చేవారిని చూసిన ప్రజలకు, ఇచ్చిన మాట కోసం పదవులను విడనాడిన ప్రతినిధులు కనిపించారు. చట్టసభలో సభ్యుడు చేయగలిగిన పనులలో ప్రశ్న అడగడం, ప్రసంగించడం, ఓటు వేయడం మాత్రమే కాక, అవసరమైతే ఆ స్థానాన్ని వదలుకోవడం కూడా ఒకటని ఆ సంఘటన నిరూపించింది.

1967లో నాలుగవ సాధారణ ఎన్నికలు వచ్చాయి. విశ్వనాథం విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుండి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి విజయం సాధించారు. అది వ్యక్తిగత విజయం మాత్రమే కాదు. ఉక్కు కర్మాగారం కావాలన్న విశాఖ ప్రజల కోరిక ఆ ఎన్నికలో ఓటు రూపం ధరించింది. అదే సంవత్సరం హర్యానాలో స్వతంత్రుడుగా గెలిచిన ఒక శాసనసభ్యుడు పక్షం రోజులలోనే పలుమార్లు పార్టీ మార్చి దేశమంతటా అపహాస్యం పాలయ్యాడు. ఫిరాయింపుల నిరోధక చట్టం అప్పటికి లేదు. అది 1985లో వచ్చింది. స్వతంత్రుడుగా ఎన్నికైన సభ్యుడు తరువాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం కోల్పోతాడని ఆ చట్టం నిర్దేశించింది. చట్టం కట్టడి చేయని రోజులలో సభ్యుని నడవడికి హద్దులు గీసినది అతని ఆత్మగౌరవమే. విశ్వనాథం తనను ఢిల్లీకి పంపిన ప్రజల కోరికను మరువలేదు. పార్లమెంటు లోపల, వెలుపల ఉక్కు సమస్యను సజీవంగా నిలిపారు.

1969లో కాంగ్రెసు చీలిపోయింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం లోక్‌సభలో సొంత ఆధిక్యాన్ని కోల్పోయి ఇతరుల మద్దతుపై ఆధారపడవలసి వచ్చింది. సభలో ప్రతి ఓటుకూ, ప్రతి ప్రాంతపు కోరికకూ ప్రాధాన్యం పెరిగింది. చివరకు 1970 ఏప్రిల్ 17న విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం నెలకొల్పనున్నట్లు ప్రధాని పార్లమెంటులో ప్రకటించారు. సేలం, హోస్పేటలకు కూడా అప్పుడే కర్మాగారాలు మంజూరయ్యాయి. 1971 జనవరి 20న విశాఖ సమీపంలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. శాసనసభ తీర్మానానికీ శంకుస్థాపనకూ మధ్య నాలుగున్నర సంవత్సరాలు గడిచాయి. కర్మాగారానికి నేల కావలసివచ్చినప్పుడు 64 గ్రామాల ప్రజలు తమ భూములను ఇచ్చారు. వారి త్యాగం కాల్పులలో మరణించిన వారి త్యాగానికి తీసిపోదు.

విశ్వనాథం రాజకీయవేత్త మాత్రమే కాదు, రచయిత కూడా. ప్రకాశం పంతులు తన ఆత్మకథ నా జీవితయాత్రను పూర్తిచేయకుండానే 1957లో కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని విశ్వనాథం రచించి ఆ గ్రంథానికి సమగ్రత చేకూర్చారు. నాయకుని జీవితకాలంలో ఆయన వెంట నడవడమే కాక, ఆయన మరణానంతరం ఆయన చరిత్రను భావితరాలకు అందించడం విశ్వనాథం కృతజ్ఞతకు నిదర్శనం.

1979 నవంబరు 10న తెన్నేటి విశ్వనాథం పరమపదించారు. కర్మాగారపు కొలిమి వెలగడం చూసే అదృష్టం ఆయనకు కలుగలేదు. 1990లో గోదావరి అనే పేరుగల మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ఉత్పత్తి ప్రారంభించింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. విశాఖ సాగరతీరాన ఉన్న ఉద్యానవనం తెన్నేటి పార్కు అనే పేరుతో ఆయనను స్మరింపజేస్తున్నది. 2004లో భారత తపాలా శాఖ ఆయన గౌరవార్థం స్టాంపు విడుదల చేసింది. 2021లో కేంద్రప్రభుత్వం కర్మాగారం నుండి తన వాటాలను ఉపసంహరించుకోవాలని నిర్ణయించినప్పుడు, 1966 నాటి నినాదమే మళ్లీ విశాఖ వీధులలో వినిపించింది.

గోదావరి తీరాన బొగ్గుగనులు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినట్లే విశాఖ తీరాన ఉక్కు కర్మాగారం వేలాది కుటుంబాలను నిలబెట్టింది. అటువంటి సంస్థలు ఎవరి దయవల్లనో రావు. చట్టసభలో వాదించే ప్రతినిధి, అతని వెనుక నిలిచే ప్రజలు ఒక్కటైనప్పుడే అవి సాధ్యమవుతాయి. పద్దెనిమిదేండ్లు నిండగానే నేటి విద్యార్థుల చేతికి ఓటు వస్తుంది. చట్టసభలో సభ్యునికి ఉన్నట్లే ఎన్నికలలో పౌరునికి ఉండేదీ ఒక్క ఓటే. ఒక్క ఓటు తేడాతో పడిపోయిన ప్రభుత్వంలో మంత్రిగా ఉండి, ప్రజల ఓట్లనే అండగా చేసుకొని పార్లమెంటుకు వెళ్లిన తెన్నేటి విశ్వనాథం జీవితం ఆ ఓటు విలువను మనకు తెలియజేస్తుంది.