ఎల్టన్ మేయో జీవితము

యంత్రములను నిర్మించిన మహనీయుల చరిత్రలను మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నారు. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాట్టు పేరు వినని బాలుడు లేడు. కాని ఆ యంత్రముల చెంత ఉదయము మొదలు సాయంకాలము వరకు నిలువబడి పనిచేయు మనుష్యుని మనస్సును గూర్చి విచారించినవారి పేరులు మనకంతగా తెలియవు. పనివాడు ఏల యలసిపోవును? ఏల పని విడిచి పోవును? ఒకచోట ఉత్సాహముతోను, వేరొకచోట విసుగుతోను ఏల పనిచేయును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో తన జీవితమున పెద్దభాగమును గడపిన పండితుడు జార్జి ఎల్టన్ మేయో. పనివారి ప్రవర్తనను గూర్చియు, వారిని నడపవలసిన రీతిని గూర్చియు నేడు కళాశాలలలో బోధింపబడు శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ఈయన యొకడు.

మేయో 1880వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన ఆస్ట్రేలియా దేశమునందలి అడిలైడు నగరమున జన్మించెను. తాత వైద్యుడగుటచే ఆ కుటుంబములో వైద్యవిద్యకు గౌరవము మెండు. ఎల్టనుకంటె రెండేండ్లు పెద్దదైన అక్క హెలెను 1902లో వైద్యపట్టము పొంది, పిమ్మట శిశుసంరక్షణమునకై పాటుపడి గొప్ప కీర్తి నార్జించెను. ఎల్టనుకూడ ఆ విద్యలోనే ప్రవేశించెను. అయితే ఆయన మనస్సు అందు నిలువలేదు. అడిలైడు పరీక్షలో తప్పెను. 1901లో స్కాట్లండునందలి ఎడింబరోకు పోయెను. అచ్చటను చదువు సాగలేదు. 1903లో లండనులోని యొక వైద్యశాలలో విద్యార్థిగా చేరెను, దానినికూడ విడిచెను. అటుపిమ్మట పశ్చిమాఫ్రికాలో ఒక గనుల కంపెనీలో కొలువునకు కుదిరి, ఆరోగ్యము చెడి తిరిగివచ్చెను. లండనులో పనివారికొరకు ఏర్పడిన కళాశాలలో కొంతకాలము ఇంగ్లీషు బోధించెను. 1905లో స్వదేశమునకు చేరి ఒక అచ్చుకూటములో భాగస్వామి యయ్యెను.

అక్క పట్టభద్రురాలై మంచిపేరు తెచ్చుకొనుచుండగా, తాను మూడుచోట్ల చదువు చెడి యింటికి వచ్చిన యువకుని మనోవ్యథ ఎట్టిదో మనము ఊహింపవచ్చును. అయినను 1907లో, తన 26వ యేట, ఆయన తన్నొకప్పుడు తప్పించిన విశ్వవిద్యాలయముననే మరల విద్యార్థియై చేరెను. ఈసారి ఎన్నుకొనినది వైద్యము గాదు, తత్త్వశాస్త్రమును మనశ్శాస్త్రమును. విలియం మిచెల్ అను ఆచార్యుడు ఈ శిష్యుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. ఇష్టమైన విద్య దొరకినంతనే, మునుపు మందమతిగా కనబడినవాడు ఉత్తమ విద్యార్థి యయ్యెను. 1911లో బ్రిస్బేను నగరమున క్రొత్తగా వెలసిన క్వీన్సులాండు విశ్వవిద్యాలయమున ఆయన ఉపన్యాసకుడుగా చేరి, క్రమముగా తత్త్వశాస్త్రాచార్యుడయ్యెను. 1913లో డొరొతియా మెకానెల్ అను ఆమెను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. రణరంగమునుండి తిరిగివచ్చిన సైనికులలో కొందరికి శరీరమున గాయములు లేకున్నను మనస్సు చెదరియుండెను. మేయో ఒక వైద్యునితో కలిసి ఇట్టివారి చికిత్సకు తోడ్పడెను. వారు చెప్పుకొను మాటలను ఓపికతో వినుటయే ఆ చికిత్సలో ముఖ్యమైన పని. వైద్యపట్టము పొందజాలని వాడు ఈ విధముగా రోగుల ప్రక్కనే కూర్చుండి, తన జీవితకార్యమునకు కావలసిన విద్యను నేర్చుకొనెను.

1922లో మేయో అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేయ మొదలిడెను. 1923లో ఫిలడెల్ఫియా ప్రాంతమునందలి ఒక బట్టల మిల్లువారు తమ కష్టమును ఆయనకు తెలిపిరి. తక్కిన శాఖలలో సంవత్సరమునకు నూటికి ఐదారుగురు మాత్రమే పని మానుచుండగా, నూలు వడకు శాఖలో 40 మందిని నిలుపుకొనుటకు ఏటేట 100 మందిని క్రొత్తగా చేర్చుకొనవలసి వచ్చుచుండెను. యజమానులు బోనసు ఆశ చూపిరి గాని ఫలము లేకపోయెను. మేయో పోయి చూడగా, ఆ పనివారు దినమునకు పదిగంటలు, రెండు ప్రక్కల తిరుగు యంత్రముల నడుమ 30 గజముల సందులో, తెగిన దారములను అతుకుచు నడచుచునే యుండిరి. కాళ్లు నొచ్చుచుండెను, యంత్రముల రొదలో ఒకరితో నొకరు మాటాడుకొను వీలు లేదు, ప్రతివాడును ఒంటరియై దిగులుతో క్రుంగుచుండెను.

మేయో ఉదయము రెండుమారులు, మధ్యాహ్నము రెండుమారులు పదేసి నిమిషములు వారు పరుండి విశ్రమించునట్లు ఏర్పాటు చేయించెను. మొదట మూడవవంతు పనివారికే ఈ వీలు కలిగినను, శాఖ యంతట ఉత్సాహము పెరిగెను. తమ మొర ఎవరో ఆలకించిరని అందరును తలంచిరి. 1924 ఫిబ్రవరిలో సరకు త్వరగా కావలెనని మేస్త్రీ ఆ విశ్రాంతిని మాన్పించెను. పని పెరుగుటకు మారుగా కొలది దినములలోనే తగ్గిపోయెను. అప్పుడు మిల్లు అధ్యక్షుడు కలుగజేసికొని, విశ్రాంతి సమయమున యంత్రములనే ఆపించి, అందరికిని విరామ మిప్పించెను. ఆపిన యంత్రములవలన నష్టము వచ్చునని మేస్త్రీలు భయపడిరి. కాని అంతకు మున్నెన్నడును బోనసు ఎరుగని పనివారు అప్పుడు దానిని సంపాదించిరి. పని విడిచి పోవువారి సంఖ్యయు తక్కిన శాఖలలోవలెనే తగ్గెను.

ఈ కీర్తిచే 1926లో మేయో హార్వర్డు విశ్వవిద్యాలయపు వ్యాపారవిద్యా కళాశాలకు వచ్చి, ఇరువది యొక్క సంవత్సరములు అచ్చటనే యుండెను. అప్పటికే చికాగో చెంత హాథారన్ అనుచోట, టెలిఫోను సామగ్రి చేయు వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారములో ఒక పరీక్ష జరుగుచుండెను. దీపముల వెలుతురు హెచ్చించినచో పని హెచ్చునా యని 1924 మొదలు 1927 వరకు పరీక్షించిన యింజనీర్లకు, వెలుతురునకును పనికిని పొంతన కుదరలేదు. 1927లో ఐదుగురు స్త్రీలను వేరు గదిలో నుంచి మరియొక పరీక్ష ప్రారంభించిరి. టెలిఫోనులో వాడు రిలే యను చిన్న పరికరమును సుమారు 35 తునకలు కూర్చి తయారుచేయుట వారి పని. విశ్రాంతి సమయములను, పనిగంటలను మార్చుచు, ఎవరెన్ని పరికరములు ముగించిరో లెక్కించుచుండిరి. ఆరంభమున ఒక్కొక్కరు వారమునకు సుమారు 2,400 చేయుచుండిరి. 1928లో విశ్రాంతులన్నియు తీసివేసి పూర్వపు పద్ధతినే మరల పెట్టినను, ఆ సంఖ్య 2,900 దాటెను.

1928లో హాథారన్‌కు వచ్చిన మేయో ఈ ఫలితమునకు అర్థము చెప్ప పూనుకొనెను. ఆ స్త్రీలతో ఆలోచించి మార్పులు చేసిరి. వారి మాటకు విలువ నిచ్చిరి. వారు తమలో తాము స్నేహితురాండ్రైరి. కావున పనికి కారణము వెలుతురు విశ్రాంతులు మాత్రమే కావు, మనుష్యుల మధ్యనుండు సంబంధముకూడ నని ఆయన నిర్ణయించెను.

1928 మొదలు 1930 వరకు ఆ కర్మాగారమున సుమారు 21,000 మంది పనివారిని ఒక్కొక్కరిని పిలిచి మాటాడించిరి. మొదట వ్రాసి పెట్టుకొనిన ప్రశ్నలు అడిగిరి. పనివారు వానిని విడిచి తమ మనస్సులోని సంగతులే చెప్పసాగిరి. అందుచే ప్రశ్నలను మానివేసి వినుటయే పద్ధతిగా చేసికొనిరి. వినువాడు వాదింపరాదు; ఉపదేశము చేయరాదు; చెప్పువాడు దాచుకొనుచున్నదియు, చెప్పలేకున్నదియు గ్రహింపవలెను. ఒక యువతికి తన పర్యవేక్షకునిపై మిక్కిలి ద్వేషము. మాటాడుచు మాటాడుచు, అతని పోలిక తన సవతితండ్రి పోలికవలె తోచుటయే తన ద్వేషమునకు కారణమని ఆమెయే కనుగొనెను.

1931-32లో 14 మంది పురుషులను గమనించినప్పుడు వేరొక సంగతి బయలుపడెను. ఎక్కువ చేసినచో ఎక్కువ కూలి వచ్చునని తెలిసియు వారు ఒక మితి నేర్పరచుకొని దానిని దాటకుండిరి. దాటినవానిని తోటివారు ఎగతాళిచేసి భుజముపై గ్రుద్దుచుండిరి. కూలిరేటు తగ్గింతురేమో, కొందరి పని పోవునేమో యని వారి భయము. అవి ఆర్థికమాంద్యపు దినములు. ఆ భయము నిరాధారమని ఎవరనగలరు?

మేయో 1933లోను, 1945లోను ప్రకటించిన గ్రంథములచే ఈ పరిశోధనలు లోకమంతట ప్రసిద్ధికెక్కెను. అయితే పండితుని గౌరవించుట యనగా ఆయన లోపములను కప్పిపుచ్చుట కాదు. హాథారన్ పనిని ఆయన యొక్కడే చేయలేదు. రోత్లిస్‌బర్గర్, డిక్సన్ మొదలగువారి శ్రమ యందు మెండు. పరీక్షగదిలోని ఐదుగురిలో ఇద్దరిని, అతిగా మాటాడుచున్నారను కారణముచే, 1928 జనవరిలో తొలగించి వేరిద్దరిని పెట్టిరి. ఆ గదిలో కూలి లెక్కించు పద్ధతియు మారియుండెను. ఇన్ని మారినప్పుడు స్నేహభావమే కారణమనుట యెట్లని తరువాతి పండితులు ప్రశ్నించిరి. 2009లో ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు వెలుతురు పరీక్షల పాత లెక్కలను వెదకి తీసి పరిశీలింపగా, ఆ పరీక్షలను గూర్చి లోకమున చెప్పుకొను వింతకథకు తగిన ఆధారము కనబడలేదు. మేయో కార్మిక సంఘముల యవసరమును చక్కగా గుర్తింపలేదనియు విమర్శ కలదు. ఇది న్యాయమైన విమర్శయే. మొర విని, కూలి విషయమునను భద్రత విషయమునను ఏమియు చేయని యజమాని, సగము పనియే చేసినవాడగును.

1947లో మేయో హార్వర్డు విడిచి ఇంగ్లండునకు పోయి, 1949 సెప్టెంబరులో సర్రీ మండలమున కన్నుమూసెను.

విద్యార్థులారా, మీలో పరీక్ష తప్పి, ఇంటికి పోవుటకు కాళ్లురాక వీధిలో నిలిచిపోవువారు ఏటేట ఉందురు. తన్ను తప్పించిన విశ్వవిద్యాలయపు వాకిలినే మరల ద్రొక్కిన ఈ యువకుని అట్టి సమయమున జ్ఞాపకము చేసికొనుడు. తల్లిదండ్రులారా, ఆ సాయంకాలము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మొదట ప్రశ్నింపకుడు, ఉపదేశింపకుడు, కొంతసేపు వినుడు. ఆ వినుట ముగిసిన పిమ్మట, వానికి తగిన విద్య యేదియో వెదకి దారి చూపుట మనయందరి విధి. ఉపాధ్యాయులమైన మేమును ఈ బాధ్యతనుండి తప్పించుకొనజాలము.