పదవి వదిలి బరిలోకి.. బరంపురం గిరి

అమెరికా అధ్యక్ష ఎన్నికంటే అభ్యర్థులు టీవీలో ఎదురెదురుగా వాదించుకోవాల్సిందే. మన రాష్ట్రపతికి ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు కాబట్టి ఆ సందడి ఉండదు. అయినా 1969లో ఊరూరా ఆ ఎన్నిక ముచ్చటే. టీవీ అప్పటికి ఢిల్లీ దాటలేదు. ఏం తెలిసినా రేడియోలోనే, లేదంటే మర్నాటి పేపర్లోనే. గట్టి పోటీదారులిద్దరూ తెలుగువాళ్లే. ఒకరు అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, రెండో ఆయన మన బరంపురం బిడ్డ వరాహగిరి వెంకటగిరి.

1894లో గిరి పుట్టేనాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936లో ఒరిస్సాకు వెళ్లింది. డబ్లిన్‌లో లా చదువుతూ ఐరిష్ ఉద్యమకారులతో తిరిగిన గిరి 1916లో ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది. ఇక్కడ రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. 1937లో బొబ్బిలిలో ఏకంగా రాజానే ఓడించారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకిచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశారు.

విచిత్రమేమంటే 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన ఆర్డినెన్సు వెలువడింది తాత్కాలిక రాష్ట్రపతి గిరి సంతకంతోనే. మర్నాడే పదవి వదిలేసి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. మొదటి లెక్కలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427.

గెలుపు మీద కేసు పడింది. రాష్ట్రపతిగా ఉండి కూడా ఆయనే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో ఆ కేసు కొట్టేశారు. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు. గిరి 1980లో మద్రాసులో కన్నుమూశారు.