సవర బిడ్డల మొదటి పుస్తకము



కొండమీది పల్లెనుండి బడికి వచ్చిన పసిబిడ్డ మొదటిసారి పుస్తకము తెరచెననుకొనుడి. అందులో తన తల్లి పలుకు మాట ఒక్కటియు లేదు. ఆ బిడ్డ అక్షరములను కూడబలుకును గాని వాటి అర్థము గ్రహింపజాలదు. నాలుగు దినములు కూర్చుండును, అయిదవ దినమున మేకల వెంట అడవికి పోవును. అందరును బిడ్డకు బుద్ధి చాలదందురు. తప్పు బిడ్డది కాదు, పుస్తకముదే అని నూరేండ్లకు పూర్వమే గ్రహించిన ఉపాధ్యాయుడు మన తెలుగుదేశములో ఒకరుండిరి. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ఆయన 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. 12 ఏండ్ల ప్రాయమున తండ్రిని పోగొట్టుకొని, విజయనగరములో బంధువుల యింట నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే చదివి బి.ఏ. పట్టము పొందిరి.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో నున్నది. ఆ పట్టణమునకు ఎగువనున్న తూర్పు కనుమలలో సవరలు నివసించుచున్నారు. ఆ కొండల వరుసయే నైరుతి దిక్కుగా సాగి మన అరకు లోయ వరకు వచ్చుచున్నది. సవరల భాష తెలుగునకు చుట్టము కాదు. అది సంతాలీ, ముండారీ భాషల కుటుంబమునకు చెందినది. ఆనాడు దానికి వ్రాత లేదు, బడి లేదు, పుస్తకము లేదు. గొంతులో క్షణకాలము ఊపిరి బిగబట్టి పలుకు ధ్వని ఒకటి అందులో నున్నది. దానిని వ్రాయుటకు మన తెలుగు అక్షరమాలలో అక్షరమే లేదు.

రామమూర్తి పంతులుగారు వారికి చదువు చెప్పవలెనని తలంచిరి. అయితే మొదట చెప్పుటకు పోలేదు, వినుటకు పోయిరి. తెలుగును సవరయు తెలిసిన మనుష్యుని ఒకనిని తన యింట నుంచుకొని ఆ భాష నేర్చుకొనిరి. కొండ పల్లెలకు వెళ్లి వారి మాటలు, కథలు, పాటలు వారి నోటనే విని వ్రాసికొనిరి. పిమ్మట సవర బిడ్డలకు తగిన వాచకములను, కథల పుస్తకములను, పాటల పుస్తకములను సిద్ధపరచిరి. తెలుగు–సవర నిఘంటువులను కూర్చిరి. తన సొంత ఖర్చుతో సవరలకు బడులు పెట్టించి, వారి భాషలోనే చదువు చెప్పించిరి. మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములను అచ్చువేయించి ఆయనకు పారితోషికము ఇయ్యబోగా, ఆయన దానిని పుచ్చుకొనలేదు. ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి పెట్టి, వారి భాషలో చదువు చెప్పించుడని కోరిరి. 1913లో ప్రభుత్వమువారు ఆయనకు రావు బహదూరు బిరుదమిచ్చిరి.

ఈ పనికి ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. మన్యపు అడవులలో తిరుగుటవలన మలేరియా జ్వరము పట్టుకొనెను. ఆ జ్వరమునకు క్వినైను పుచ్చుకొనగా వినికిడి చెడిపోయెను. కొండవారి పలుకును అంత శ్రద్ధతో ఆలకించిన ఆ చెవులే చెవుడుపడెను. అయినను ఆయన పని మానలేదు. 1931లో ఆయన ఇంగ్లీషులో వ్రాసిన సవర భాషా వ్యాకరణము వెలువడెను. తరువాత సవర–ఇంగ్లీషు నిఘంటువును కూడ పూర్తిచేసిరి.

తెలుగు బిడ్డల విషయములోను ఆయన తలంపు ఇదే. పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్సు దొరగారు, గురజాడవారు మొదలగువారితో కలిసి, పాఠ్యపుస్తకములు జనుల వాడుక భాషలో నుండవలెనని పోరాడిరి. పండితులనేకులు ఎదిరించిరి. ఆయన 1919లో తెలుగు అను పత్రికను నడిపి వాదించిరి. 1936లో పర్లాకిమిడిని ఒడిశా రాష్ట్రములో చేర్చగా, దాదాపు 56 ఏండ్లు నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి. ఆయన జన్మదినమును ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు.

ఆయన మన సంఘమువారు కారు. అయినను బైబిలు చదువు మనకు ఆయన పని క్రొత్తది కాదు. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి ఊరకుండలేదు, జనులకు అర్థమగునట్లు వివరించిరి. పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడిన ప్రతివాడును దేవుని గొప్ప కార్యములను తన సొంత భాషలో వినెను. దేవుడు వారిని మొదట వేరొక భాష నేర్చుకొని రమ్మనలేదు. వారి భాషయొద్దకు తానే వచ్చెను.

రామమూర్తి పంతులుగారు గతించిన చాలా కాలమునకు, 2004 ప్రాంతమున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మొదలగు గిరిజన భాషలలో చిన్నపిల్లలకు వాచకములు తయారుచేయించెను. అవి మంచి పుస్తకములే. అయితే పుస్తకము ఉన్నంత మాత్రమున చాలదు, పక్కన కూర్చుండి చదివించువారు కావలెను.

మీ పల్లెలోని ఆదివారపు బడికి కొండ బిడ్డ వచ్చి, నోరు మెదపక వెనుక వరుసలో కూర్చుండిన యెడల, మందబుద్ధి అని తీర్పు తీర్చకుడి. నీళ్లను వాని తల్లి ఏమందునో, అన్నమును ఏమందునో వానినే అడుగుడి. వాడు చెప్పిన మాటను పలకమీద వ్రాసి చూపుడి. తన యింటి మాట అక్షరములలో కనబడిన దినమున ఆ బిడ్డ ముఖము చూడుడి. ఆ సంతోషము కొరకే ఒక ఉపాధ్యాయుడు తన చెవులను పోగొట్టుకొనెను.