శిలల లోతు నెరిగిన ఎస్కోలా

పెంత్తి ఎస్కోలా 1883 జనవరిలో నైరుతి ఫిన్లాండునందలి ఒక కర్షక కుటుంబమున జన్మించెను. హెల్సింకి విశ్వవిద్యాలయమున ఆయన మొదట చేపట్టినది రసాయనశాస్త్రము. పిమ్మట శిలల వైపు మరలినను రసాయనజ్ఞుని చూపు ఆయనను విడువలేదు. ఆయన ఘనతకు అదియే మూలమని నా తలంపు.

ఫిన్లాండులోని ఒరియార్వి గనుల ప్రాంతమును శోధించి ఆయన 1914, 1915 సంవత్సరములలో తన ఫలితములను ప్రకటించెను. అంతకుముందు 1911లో గోల్డ్‌ష్మిట్ అను పండితుడు నార్వేలోని ఓస్లో పరిసరముల శిలలను వర్ణించియుండెను. రెండుచోట్లను మూలద్రవ్యముల పాలు ఇంచుమించు ఒక్కటే. ఖనిజములు మాత్రము వేరు. ఓస్లో శిలలలో ఫెల్డ్‌స్పారు, ఆండలూసైటు జంటగా నుండగా ఒరియార్విలో వానికి బదులు తెల్ల అభ్రకము కానవచ్చెను. ఈ భేదమునకు వేడిమి, ఒత్తిడి కారణములని ఎస్కోలా నిశ్చయించెను. ఒకే వడ్లు మంగలములో వేగి పేలాలగును. నాని, రోకటిపోటు తిని అటుకులగును. పొయ్యి దగ్గర లేనివాడును గింజను చూచి జరిగినది చెప్పగలడు గదా! కలిసి పుట్టిన ఖనిజములనుబట్టి శిలలను తరగతులుగా విభజించు ఆయన పద్ధతి అట్టిదే.

తరువాత ఆయన నార్వేకేగి ఎక్లోగైటు అను శిలను పరిశీలించి 1921లో గ్రంథము ప్రకటించెను. ఎర్రని గార్నెట్టు, పచ్చని పైరాక్సీను దీని ముఖ్య ఖనిజములు. (మన నవరత్నములలోని గోమేధికము గార్నెట్టు జాతిలోనిదే.) రసాయనముచే ఇది నల్లని బసాల్టుకు తోబుట్టువు, కాని బసాల్టున సమృద్ధిగా నుండు ఫెల్డ్‌స్పారు ఇందు లేదు. దానిలోని సోడియము పైరాక్సీనులో చేరిపోయినది. బసాల్టు సాంద్రత సుమారు 3 కాగా దీనిది 3.4 దాటును. ఇంత బిగువు మహాపీడనమునగాని కలుగదు. అయినచో పైనుండవలసిన పదార్థము అంత లోతున కెట్లు చేరెను? ఆనాటి శాస్త్రమున సరియైన సమాధానము లేదు.

1964లో ఆర్థర్ హోమ్సుతోపాటు వెట్లెసెన్ బహుమానమునొంది, ఆ డిసెంబరులోనే ఎస్కోలా కన్నుమూసెను. కొలది యేండ్లకే ఫలకసిద్ధాంతము స్థిరపడెను. సముద్రపు అడుగు ఖండముల క్రిందికి దిగునపుడు బసాల్టు ఎక్లోగైటుగా మారును. దాని ఖనిజములు విడిచిన నీరు పైనున్న శిలను కరగించి అగ్నిపర్వతములను పోషించును. బరువెక్కిన ఫలకము తన్నుతానే క్రిందికి లాగుకొనును.

నార్వే అంచు సుమారు 40 కోట్ల సంవత్సరముల క్రిందట గ్రీన్లాండు క్రిందికి దిగి, మరల పైకి వచ్చినది. 1984లో అచ్చటి ఎక్లోగైటున కోయెసైటు దొరకెను. సుమారు 90 కిలోమీటర్ల లోతునకు తక్కువైనచో పుట్టని ఖనిజమది.