జలధారామార్గదర్శి టోరిచెల్లి

శ్రీశైలమునందువలె ఆనకట్ట అలుగునుండి యెగసిన జలధార దూరముగాఁ బడనిచో, కట్టడపు పాదమునఁగల శిల కోసికొనిపోవును. ఆ దూరమును ముందుగా గణించువారికి మార్గము చూపిన మహనీయుని మేమిచట స్మరించుచున్నాము.

వాయుభారమాపక నిర్మాతగాఁ బ్రసిద్ధుఁడగు టోరిచెల్లి 1608లో ఇటలీదేశమున జన్మించెను. 1641లో వృద్ధుఁడును అంధుఁడునగు గెలీలియో నాశ్రయించి, ఆయన తుదిదినములవఱకు సేవించెను. 1642లో గురుని నిర్యాణానంతరము టస్కనీప్రభువు ఆస్థానగణితవేత్త పదవిని ఈ శిష్యునకే యొసఁగెను.

రంధ్రమునుండి వెడలు నీటివేగము, పై నీటిమట్టమునుండి రంధ్రమువఱకుఁ బడిన వస్తువేగముతో సమానమనియు, ఆ ధార విసరిన రాయివలెఁ బరవలయమార్గమున వంగుననియు 1644 నాఁటి గ్రంథమున నిరూపించెను. గాలి యడ్డగింపునుగూడ గుర్తించెను. 1647లో, 39వ యేఁటనే గతించెను.

ఆయువు స్వల్పమైనను గురుసేవాలబ్ధమగు విద్య చిరస్థాయియని మా సంఘయువజనులు గ్రహింతురుగాక!